ఆకాశంలో ఇరుగుపొరుగు

పాఠ్యభాగ ఉద్దేశం

మనిషి బదులు యంత్రం మాట్లాడే కాలం ఇది. అందరికీ చెందిన ఒక సాధనాన్ని మనుషులూ యంత్రాలూ ఎలా పంచుకోవాలన్న ప్రశ్నను ఔత్సాహిక రేడియో రంగం కొన్ని దశాబ్దాలుగా ఎదుర్కొంటున్నది. ఆ అనుభవాన్ని పరిశీలించి, ఎదుటివారి మాట వినడమే సహజీవనానికి పునాది అని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

శబ్దం ఆకాశగుణమని మన తార్కికులు చెప్పారు. ఆ ఆకాశం ఎవరి సొత్తూ కాదు. భూమికి హద్దురాళ్లు పాతవచ్చు. నీటికి కట్టలు వేయవచ్చు. ఆకాశానికి కంచె వేయడం ఎవరి తరమూ కాదు. రేడియో తరంగం శబ్దం కాదన్న మాట నిజమే. అది విద్యుదయస్కాంత తరంగం. దాని ప్రయాణానికి గాలితో కూడా పనిలేదు. అయినా మనిషి తన మాటను ఆ తరంగం మీదికెక్కించి ఆకాశంలోకి వదిలిన నాటి నుంచి ఒక చిక్కు అతణ్ణి వెన్నాడుతూనే ఉన్నది. ఒకే తావులో ఇద్దరు ఒకేసారి పలికితే ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? వారిలో ఆగవలసినది ఎవరు?

ఈ చిక్కు ఎంతటి అనర్థానికి దారితీయగలదో 1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి లోకానికి తెలిసివచ్చింది. టైటానిక్ నౌక అట్లాంటిక్ మహాసముద్రం మీద న్యూయార్కు దిశగా సాగుతున్నది. నౌకలోని వైర్‌లెస్ ఉద్యోగి జాక్ ఫిలిప్స్ ప్రయాణికుల సందేశాలను న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని కేప్ రేస్ కేంద్రానికి పంపుతున్నాడు. దూరం వల్ల ఆ కేంద్రం సంకేతాలు అతనికి మందంగా వినిపిస్తున్నాయి. అంతలో, మంచుగడ్డల నడుమ ఆగిపోయిన కాలిఫోర్నియన్ అనే నౌక నుంచి సిరిల్ ఎవాన్స్ అనే ఉద్యోగి హెచ్చరిక పంపాడు. సమీపంలోని నౌక కావడంతో ఆ సంకేతం చెవులు చిల్లులు పడేటట్లు మోగింది. ఫిలిప్స్ విసిగిపోయి, తాను కేప్ రేస్‌తో పనిలో ఉన్నానని, నోరు మూసుకొమ్మని బదులిచ్చాడు. ఎవాన్స్ మారు పలకలేదు. కొంతసేపు విని, రాత్రి పదకొండున్నర ప్రాంతంలో పరికరం ఆపి నిద్రకు ఉపక్రమించాడు. 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. తరువాత అది చేసిన ఆక్రందన ఆ పొరుగు నౌక చెవిన పడలేదు. సుమారు 1500 మంది జలసమాధి అయ్యారు.

ఫిలిప్స్ దుర్మార్గుడు కాడు. నౌక మునిగిపోతున్నా తన స్థానం వీడక సహాయం కోసం సంకేతాలు పంపుతూ ప్రాణాలు కోల్పోయిన కర్తవ్యపరాయణుడు. అతని పనీ ముఖ్యమైనదే, ఎవాన్స్ మాటా ముఖ్యమైనదే. ఆ రెండింటికీ ఉన్న దారి మాత్రం ఒక్కటే. ఎవరెప్పుడు ఆగి వినాలన్న కట్టుబాటు నాటికి లేదు. అనంతర కాలంలో సముద్రయానంలో రెండు ఏర్పాట్లు వచ్చాయి. ఆపత్సంకేతాలకు కేటాయించిన 500 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం మీద ప్రతి గంటలోనూ రెండు పర్యాయాలు, మూడేసి నిమిషాల చొప్పున, అందరూ మౌనం పాటించాలన్నది మొదటిది. ఆ మౌనంలో బలహీనుని గొంతు కూడా వినిపించేది. నౌకలోని ఏకైక వైర్‌లెస్ ఉద్యోగి నిద్రించే వేళ అతనికి బదులు ఒక యంత్రం వింటూ ఉండి, ఆపత్సంకేతం అందగానే గంట మోగించి అతణ్ణి లేపాలన్నది రెండవది. 1999 నాటికి నూతన సాంకేతిక పద్ధతులు ఈ ఏర్పాట్ల స్థానాన్ని ఆక్రమించాయి గాని, వాటిలోని నీతికి కాలదోషం పట్టలేదు. నౌకల మీద మనిషి తనకు బదులుగా కూర్చోబెట్టిన ఆ యంత్రం మాట్లాడటానికి పుట్టినది కాదు, వినడానికి పుట్టినది. ఈ వాస్తవాన్ని గుర్తుంచుకొని మన ప్రస్తుత విషయానికి వద్దాం.

జీవనోపాధి కోసం గాక విద్యా వినోదాల కోసం, స్వంత ఖర్చుతో, ప్రభుత్వ అనుమతి పొంది రేడియో కేంద్రాన్ని నడిపేవారిని ఔత్సాహిక రేడియో నిర్వాహకులు అంటారు. వాడుకలో వీరిని ‘హామ్’లు అంటారు. మన దేశంలో ఇందుకు కేంద్ర ప్రభుత్వం పరీక్ష నిర్వహించి అనుమతిపత్రం ఇస్తుంది. ఒక్కొక్కరికి ఒక సంకేతనామం లభిస్తుంది. 1983లో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ మన హైదరాబాదు నగరంలోనే ఉన్నది. ఈ హామ్‌లకు ఆకాశంలో చోటు దొరికిన కథ చిత్రమైనది. 1912లో అమెరికా చేసిన చట్టం వీరిని 200 మీటర్లకు మించని పొట్టి తరంగాలకు పరిమితం చేసింది. దూర ప్రసారాలకు అవి పనికిరావని నాటి నిపుణుల భావన. పనికిరాని బీడు పేదవాని పాలబడినట్లు అవి వీరి పాలబడ్డాయి. బీడును దున్ని బంగారం పండించిన రైతులవలె వీరు ఆ తరంగాల శక్తిని వెలికితీశారు. 1923 నవంబరులో అమెరికాకు చెందిన ఒక హామ్, ఫ్రాన్సుకు చెందిన మరొక హామ్ ఆ పొట్టి తరంగాల మీదనే మహాసముద్రానికి ఇరుగడల నుంచి సంభాషించారు. ఆ తరంగాలు పైకెగసి, భూమికి ఎంతో ఎత్తున ఉన్న అయనావరణాన్ని తాకి, తిరిగి దూరదేశాలలో దిగుతాయని అనుభవం నేర్పింది. విలువ తెలిసిన తరువాత దానికోసం వాణిజ్య సంస్థలు, సైన్యాలు, ప్రభుత్వాలు పోటీపడ్డాయి. చివరకు అంతర్జాతీయ ఒప్పందాల ద్వారా ఔత్సాహికులకు అక్కడక్కడ కొన్ని సన్నని పట్టీలు మిగిలాయి.

ఆ పట్టీలు ఎంత సన్ననివో ఒక ఉదాహరణ వల్ల గ్రహించవచ్చు. ప్రపంచ హామ్‌లందరికీ ప్రీతిపాత్రమైన పట్టీ 14 మెగాహెర్ట్జ్ వద్ద మొదలవుతుంది. దాని మొత్తం వెడల్పు 350 కిలోహెర్ట్జ్. మనిషి గొంతుతో సాగే ఒక సంభాషణకు సుమారు మూడు కిలోహెర్ట్జ్ చోటు కావాలి. పట్టీ అంతటినీ మాటలకే ఇచ్చివేసినా, ఒకరి గొంతు మరొకరికి అందే పరిధిలో ఏకకాలంలో సాగగలిగిన సంభాషణలు నూటపదహారుకు మించవు. హామ్‌లు మాత్రం ప్రపంచంలో లక్షల సంఖ్యలో ఉన్నారు. పదకొండేళ్లకొకసారి సూర్యుని మచ్చలు తగ్గి అయనావరణం నీరసించినప్పుడు, పై పౌనఃపున్యాల పట్టీలు మూగవోయి, అందరూ ఉన్న కొద్ది చోటుకే చేరుతారు. పోటీలు జరిగే శని, ఆదివారాలలో రద్దీ తిరునాళ్లను తలపిస్తుంది.

ఇంత ఇరుకులోనూ శతాబ్ద కాలంగా వ్యవహారం సాగిపోతున్నదంటే అందుకు కారణం ఒక సదాచారం. హామ్ ఏ పౌనఃపున్యం మీదనైనా పలకబోయే ముందు కొంతసేపు వింటాడు. నిశ్శబ్దంగా ఉన్నట్లు తోచినా, ‘ఇక్కడ ఎవరైనా ఉన్నారా?’ అని అడుగుతాడు. మోర్స్ సంకేతాలలోనైతే ‘క్యు.ఆర్.ఎల్?’ అన్న మూడు అక్షరాలతో అడుగుతాడు. ‘ఉన్నాము’ అన్న జవాబు వస్తే క్షమాపణ చెప్పి పక్కకు జరుగుతాడు. తలుపు తట్టి లోనికి రావడం వంటిదే ఇది. ఏ పౌనఃపున్యమూ ఏ ఒక్కరి స్వంతమూ కాదని, అందరూ సహకరించుకొని వాడుకోవాలని అమెరికా నిబంధనలు స్పష్టంగా పేర్కొన్నాయి. చట్టం చెప్పక ముందే లోకులు పాటించిన మర్యాద అది.

ఈ మర్యాద మధ్యకు యంత్రం వచ్చింది. 1980ల నుంచి హామ్‌లు తమ రేడియోలకు కంప్యూటర్లను జతచేసి, అక్షర సందేశాలను మనిషి లేకుండానే స్వీకరించి, దాచి, ముందుకు పంపే కేంద్రాలను నెలకొల్పారు. ఇవే స్వయంచాలక కేంద్రాలు. నేడు ‘విన్‌లింక్’ అనే వ్యవస్థలో ఇలాంటి కేంద్రాలు ప్రపంచమంతటా పనిచేస్తున్నాయి. నడిసముద్రంలో పడవ మీద ఉన్న హామ్ తన రేడియో ద్వారా వాటిలో ఒకదానిని పిలిచి, ఇంటికి ఈ-మెయిల్ పంపగలడు. అర్ధరాత్రి పిలిచినా ఆ కేంద్రం పలుకుతుంది. 2005లో కత్రినా తుపాను అమెరికా దక్షిణ తీరాన్ని ధ్వంసం చేసి టెలిఫోను వ్యవస్థను కూల్చివేసినప్పుడు ఈ వ్యవస్థ అక్కరకు వచ్చింది. పేర్ల జాబితాలు, మందుల వివరాలు వంటివి నోటితో చదివి పంపితే తప్పులు దొర్లవచ్చు. యంత్రం అక్షరం పొల్లుపోకుండా అందిస్తుంది. కనుక యంత్రాన్ని పరిహసించేవారు దాని ఉపకారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అయితే చిక్కు ఎక్కడ వచ్చింది? దీనిని కొంచెం నిదానించి చూడాలి. పడవ మీది మనిషి కేంద్రాన్ని పిలవబోయే ముందు మర్యాద ప్రకారం విన్నాడనుకొందాం. అతనికి ఏమీ వినిపించలేదు. పిలిచాడు. వేయి మైళ్ల దూరాన ఉన్న యంత్రం ఆ పిలుపు అందుకొని జవాబివ్వడం మొదలుపెట్టింది. కాని, ఆ యంత్రం ఉన్న ప్రాంతంలో అదే పౌనఃపున్యం మీద ఇద్దరు వృద్ధ మిత్రులు మోర్స్ సంకేతాలతో ముచ్చటించుకొంటున్నారు. అయనావరణం తరంగాలను దూరంగా విసరివేస్తుంది గనుక వారి సంకేతాలు పడవకు చేరలేదు. విన్నవాడు ఒకచోట ఉన్నాడు. పలికినది మరొకచోట ఉన్నది. పడవవాడు మర్యాద తప్పలేదు, మిత్రులు తప్పు చేయలేదు. అయినా వారి సంభాషణ భగ్నమైంది. యంత్రం ఉన్నచోట ఒక మనిషి కూర్చొని ఉంటే, ఆ ముచ్చట విని, జవాబివ్వకుండా ఆగి ఉండేవాడు.

చిక్కు అంతటితో తీరదు. ఈ వ్యవస్థలలో సందేశాన్ని చిన్నచిన్న ముక్కలుగా పంపుతారు. ప్రతి ముక్కకూ అవతలి నుంచి ‘అందింది’ అన్న రసీదు రావాలి. రాకపోతే అదే ముక్కను మళ్లీ పంపుతారు. అందువల్లనే తప్పు దొర్లదు. కాని, భగ్నమైన సంభాషణలోని మిత్రుడు ‘ఇక్కడ మేమున్నాము’ అని మొరపెట్టుకొంటే, ఆ మొర యంత్రానికి భాషగా వినిపించదు, కేవలం అవాంతరంగా తోస్తుంది. అవాంతరం వచ్చినకొద్దీ అది అదే ముక్కను మరల మరల పంపుతుంది. మనిషికి విసుగు వస్తుంది, గొంతు ఎండుతుంది, ఆకలి వేస్తుంది. యంత్రానికి ఇవేమీ లేవు. ఇద్దరిలో ఒకరికి అలసట లేనప్పుడు గెలుపెవరిదో ముందే నిర్ణయమై ఉంటుంది. అలాంటి చోట పోటీ న్యాయమైనదని అనలేము.

ఈ వివాదం అమెరికాలో దశాబ్దాల తరబడి సాగింది. అక్కడి సమాఖ్య కమ్యూనికేషన్ల సంఘం 1995లో ఒక మధ్యేమార్గం కనుగొన్నది. మనిషి లేని కేంద్రాలకు పలు పట్టీలలో కొన్ని భాగాలు కేటాయించింది. 14 మెగాహెర్ట్జ్ పట్టీలో అవి 14.095 నుంచి 14.0995 వరకు, 14.1005 నుంచి 14.112 వరకు ఉన్నాయి. ఆ భాగాలకు వెలుపల అలాంటి కేంద్రం తనంత తాను ఎవరినీ పిలవరాదు. మనిషి పిలిస్తే బదులు పలకవచ్చు గాని, దాని సంకేతం వెడల్పు 500 హెర్ట్జ్ దాటరాదు. 2023 నవంబరులో ఆ సంఘం డిజిటల్ సంకేతాల వేగం మీద ఉన్న పాత పరిమితిని తొలగించి, వాటి వెడల్పు 2.8 కిలోహెర్ట్జ్ మించరాదని కొత్త హద్దు విధించింది. వేగం పెరిగితే సందేశం త్వరగా ముగిసి పౌనఃపున్యం త్వరగా ఖాళీ అవుతుందని దానిని సమర్థించినవారు అన్నారు. వెడల్పైన యంత్ర సంకేతాలు సన్నని మోర్స్ సంకేతాలను తొక్కివేస్తాయని వ్యతిరేకించినవారు భయపడ్డారు. రెండు వాదాలలోనూ సత్యం ఉన్నది.

పై భాగాలను శ్రద్ధగా చూసినవారికి ఒక విశేషం కనబడుతుంది. 14.0995కూ 14.1005కూ నడుమ ఒక చిన్న ఖాళీ ఉన్నది. దాని మధ్యలో 14.100 మెగాహెర్ట్జ్ వద్ద ఎవరున్నారు? అక్కడ ఉన్నవి కూడా యంత్రాలే! అంతర్జాతీయ సహకారంతో నెలకొన్న 18 సంకేత దీపాలు అవి. హామ్‌లు వీటిని ‘బీకన్’లు అంటారు. సముద్రతీరాన దీపస్తంభం నావికునికి దారి చూపినట్లు, ఇవి ఏ క్షణాన ఏ దేశానికి రేడియో మార్గం తెరచి ఉన్నదో తెలుపుతాయి. మన పొరుగున శ్రీలంకలో ఒకటి ఉన్నది. జపాన్, కెన్యా, ఫిన్లాండ్, పెరూ మొదలైన దేశాలలో మరికొన్ని ఉన్నాయి. ఈ పద్ధెనిమిదీ ఒకే పౌనఃపున్యాన్ని పంచుకొంటాయి. ఒక్కొక్కదాని వంతు పది సెకన్లు. ఆ పది సెకన్లలో అది తన సంకేతనామం పలికి, క్రమంగా 100 వాట్లు, 10 వాట్లు, ఒక వాటు, వాటులో పదవ వంతు శక్తితో నాలుగు దీర్ఘ సంకేతాలు పంపి మౌనం వహిస్తుంది. వెంటనే మరొక దేశపు బీకన్ అందుకొంటుంది. మూడు నిమిషాలకు ఒక ఆవృత్తి పూర్తవుతుంది. కొన్ని కేంద్రాలు మరమ్మతుల కోసం అప్పుడప్పుడు మూగబోయినా, వాటి వంతును తక్కినవి ఆక్రమించవు.

ఈ దృశ్యం సాహిత్య విద్యార్థులకు అష్టావధాన సభను గుర్తుకు తెస్తుంది. అవధాని ఒక్కడు, పృచ్ఛకులు ఎనిమిది మంది. నిషేధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఇలా ఎవరి అంశం వారిదే. ఒక్కొక్కరు తమ వంతు వచ్చినప్పుడే అడుగుతారు. అప్రస్తుత ప్రసంగానికి నియుక్తుడైనవాడు ఎప్పుడైనా అడ్డు తగలవచ్చు గాని, అతడు కూడా సభను వింటూ, అవధాని ధారను గమనిస్తూ, సమయమెరిగి అడ్డు తగులుతాడు. అందువల్లనే అది రసవత్తరమవుతుంది. గంట కొట్టేవాడు అప్పుడప్పుడు కొడతాడు. ఆ గంటల లెక్కను అవధాని చివర చెబుతాడు. ఆ గంటను ఎడతెరిపి లేకుండా ఎవరైనా మోగిస్తే ఏమవుతుంది? సమస్యా వినబడదు, పూరణా వినబడదు. గంట ఉండటం తప్పు కాదు. వంతు తెలియని గంట సభకు చేటు. బీకన్ వంతు తెలిసిన గంట వంటిది.

2017లో వచ్చిన ‘ఎఫ్.టి.8’ అనే పద్ధతి ఈ ప్రశ్నకు మరొక ముఖం చూపింది. దీని రూపకర్తలలో ఒకరైన జోసెఫ్ టేలర్ జంట తారలలోని పల్సార్‌ను కనుగొన్నందుకు 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్న శాస్త్రవేత్త. ఈ పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి 50 హెర్ట్జ్ చోటు చాలు. పదిహేను సెకన్ల పాటు ఒకరు పంపితే, తరువాతి పదిహేను సెకన్లలో రెండవవారు బదులు పంపుతారు. మాటలతో ఒక సంభాషణకు పట్టే మూడు కిలోహెర్ట్జ్ చోటులో ఈ పద్ధతిలో అరవై సంకేతాలు పక్కపక్కనే ఇముడుతాయి. చెవికి ఆనని అతి మంద సంకేతాలను కూడా కంప్యూటర్ గుర్తించగలదు. చిన్న యాంటెనా మాత్రమే పెట్టుకోగలిగిన అపార్ట్‌మెంటు వాసికి ఇది వరప్రసాదం. అయితే, ఇందులో పంపేదీ అందుకొనేదీ ప్రధానంగా కంప్యూటరే. మీటను కూడా కంప్యూటరే నొక్కితే ఇక మనిషి ఎందుకు? ఈ ప్రశ్నను ముందుగానే ఊహించిన రూపకర్తలు ప్రతి సంభాషణను మనిషే ప్రారంభించేటట్లు ప్రోగ్రామును రూపొందించారు. మనిషి కొన్ని నిమిషాల పాటు దానిని తాకకపోతే ప్రసారం తనంత తానే ఆగిపోయే ఏర్పాటు కూడా చేశారు. అమెరికన్ రేడియో రిలే లీగ్ తాను ఇచ్చే ప్రతిష్ఠాత్మక పురస్కారానికి, ప్రతి సంభాషణనూ ఇరువైపులా మనిషే స్వయంగా మొదలుపెట్టి ఉండాలని నియమం విధించింది. అయినా ఆ కళ్లాన్ని తప్పించి యంత్రాన్ని రాత్రింబవళ్లు వదిలిపెట్టేవారు లేకపోలేదు.

ఇక్కడ ఒక వాదం ఎదురవుతుంది. ఒక సంభాషణ చోటులో అరవై ఇముడుతున్నప్పుడు పట్టీ అంతటినీ యంత్రాలకే అప్పగించవచ్చు గదా అన్నది ఆ వాదం. ఇది లెక్కకు సరిపోతుంది గాని లక్ష్యానికి సరిపోదు. స్వయంశిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధన, ఈ మూడింటి కోసం, లాభాపేక్ష లేకుండా నడిచే సేవ ఇది అని అంతర్జాతీయ నిబంధనలు ఔత్సాహిక రేడియోను నిర్వచించాయి. సంభాషణ అందులో ఒక ప్రయోజనం. దానిని తొలగించి మిగిలినవాటిని నిలుపుకోవడం, వంటలో రుచిని తీసివేసి పోషకాలు మాత్రం లెక్కించడం వంటిది. పైగా ఆపద వేళ ఏమి జరుగుతుందో ముందుగా రాసిపెట్టిన ఏ ప్రోగ్రాముకూ తెలియదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ చొరవతో ఢిల్లీకి చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్ దీవులకు వెళ్లింది. ఇతర దేశాల హామ్‌లతో మాట్లాడాలన్నది వారి సంకల్పం. 26వ తేదీన సునామీ విరుచుకుపడింది. దీవులకూ ప్రధాన భూభాగానికీ నడుమ మామూలు సంపర్కం తెగిపోయింది. సరదాకు తీసుకువెళ్లిన ఆ రేడియోలే అప్పుడు ఆప్తుల క్షేమ సమాచారానికి ఆధారమయ్యాయి. అలాంటి ఘడియలో ఆర్తుని గొంతు వినగానే దారి వదలవలసినది ఎవరు? వింటున్న మనిషి తప్పుకొంటాడు. వినని యంత్రం తన ముక్కను మరొకసారి పంపుతుంది.

అంతమాత్రాన యంత్రాలన్నింటినీ వెలివేయాలని వాదించడం నా ఉద్దేశం కాదు. మన పల్లెలకు పరిచయమైన ఒక ఉదాహరణ చెబుతాను. వ్యవసాయ పంపుసెట్లకు రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకొనేవారు. కరెంటు ఏ అర్ధరాత్రో వస్తుంది. చీకటిలో పొలానికి వెళితే పాము భయం, కరెంటు తీగల భయం. కనుక కరెంటు రాగానే మోటారు తనంత తానే నడిచే సాధనం కోరుకోవడం వారి తప్పు కాదు. అయితే, కరెంటు వచ్చిన మరుక్షణం ఊరిలోని మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి. ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడేది. పొలం తడిసినా మోటారు ఆగేది కాదు. బోరులోని నీరు వృథా అయ్యేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు ఇవ్వడానికి ముందు, ఆటోస్టార్టర్లను తొలగించవలసిందని ప్రభుత్వం రైతులను కోరింది. ఇందులోని నీతి మన విషయానికి అక్షరాలా వర్తిస్తుంది. స్వయంచాలక యంత్రం నిజమైన అవసరం నుంచే పుడుతుంది. పొరుగువాని మోటారు నడుస్తున్నదో లేదో, నీరు మిగిలి ఉన్నదో లేదో చూసే కన్ను దానికి లేకపోవడమే దోషం.

కాబట్టి నా అభిప్రాయంలో మూడు నియమాలు ఈ ఇరుగుపొరుగు కాపురాన్ని నిలబెట్టగలవు. వినలేని యంత్రం వినవలసిన పనిలేని చోటునే ఉండాలి. తనకు కేటాయించిన భాగంలోనో, బీకన్‌వలె తనకు కేటాయించిన క్షణాలలోనో పలకాలి. ఇది మొదటిది. ఆ హద్దు దాటి పలకాలనుకొంటే వినడం నేర్చుకోవాలి. పౌనఃపున్యం ఖాళీగా ఉన్నదో లేదో పరీక్షించే సాధనాలు నేడు ఉన్నాయి. అవి పరిపూర్ణమైనవి కావు. దూరపు సంకేతాన్ని అవి గుర్తించలేకపోవచ్చు. అవాంతర శబ్దాన్ని సంభాషణగా పొరబడి అనవసరంగా ఆగిపోవచ్చు. కొంటెవారు కేవలం ఈల వేసి యంత్రాన్ని ఆపివేయవచ్చు. అయినా అనవసరంగా ఆగిన యంత్రం వల్ల ఒక సందేశం ఆలస్యమవుతుంది. ఆగని యంత్రం వల్ల ఒక మనిషి నోరు మూతపడుతుంది. రెండింటిలో ఏది సహించదగినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇది రెండవది. ప్రతి యంత్రం వెనుకా పేరు చెప్పుకొని జవాబిచ్చే మనిషి ఒకడు ఉండాలి. ‘నేను కాదు, కంప్యూటరు చేసింది’ అన్న మాట చెల్లకూడదు. అనుమతిపత్రం మనిషి పేర ఉన్నది గాని పెట్టె పేర లేదు. ఇది మూడవది.

నియమాలు ఒక పక్షానికే కాదు. ప్రత్యక్షంగా మాట్లాడే హామ్‌లు కూడా కొన్ని కట్టుబాట్లు పాటించాలి. యంత్రాలకు కేటాయించిన కొద్ది చోటులో తాము దిగి, అవి అడ్డు వస్తున్నాయని నిందించడం తగదు. కొత్త పద్ధతి మీద కోపంతో దాని సంకేతాల మీద కావాలని శబ్దం చేయడం చట్టవిరుద్ధమే గాక నీచం కూడా. మూడు సన్నని సంకేతాలు పట్టేచోట తానొక్కడే వెడల్పుగా, అనవసరమైన శక్తితో గర్జించే మనిషి, వినని యంత్రం కంటె ఏ విధంగా మెరుగు? టైటానిక్ రాత్రి ‘నోరు మూసుకో’ అన్నది యంత్రం కాదు గదా! చెవి ఉండి వినని మనిషి, చెవి లేని యంత్రం, ఇద్దరూ పొరుగువానికి ఒకే రీతిగా హాని చేస్తారు. అయితే మొదటివానికి క్షమాపణ కోరే అవకాశం ఉన్నది. మారే అవకాశమూ ఉన్నది. అందుచేతనే మనిషి మీద బాధ్యత ఎక్కువ.

విద్యార్థులు ఈ విషయాన్ని హామ్ రేడియోకు మాత్రమే చెందినదిగా భావించరాదు. రేడియో పెట్టె మీరెన్నడూ తాకకపోవచ్చు. కాని, యంత్రాలు మనుషుల మధ్య నిలబడి మనుషులవలె మాట్లాడే సన్నివేశాలు మీ జీవితంలో నానాటికీ పెరుగుతాయి. ఫోను ఎత్తితే యంత్రం పలుకుతుంది. ఉత్తరం రాస్తే యంత్రం బదులిస్తుంది. అప్పుడు మీరు ఆ యంత్రం ఎంత తెలివైనదని కాక, అది ఎదుటివాని మాట విన్నదా, వినకపోతే దాని తరఫున విని జవాబు చెప్పే మనిషి ఎవరని ప్రశ్నించండి. మీరే అలాంటి యంత్రాలను నిర్మించే ఇంజనీరులైతే, దానికి నోరు అమర్చే ముందు చెవి అమర్చండి.

మన విద్యాసంప్రదాయంలో శ్రవణం మొదటి మెట్టు. వినకుండా మననం లేదు. మననం లేని మాటకు విలువ లేదు. శిష్యుడు గురుకులంలో అడుగుపెట్టిన మొదటి రోజున మాట్లాడడు, వింటాడు. అనుమతిపత్రం చేతికి అందిన హామ్ కూడా మొదటి రోజున మీట మీద చేయి వేయక, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని గ్రాహకం ముందు కూర్చొంటాడు. గురగుర శబ్దం మధ్య నుంచి సన్నగా ఒక సంకేతం వినిపిస్తుంది. అది ఏ దేశానిదో, ఎవరిదో తెలియదు. అది పూర్తయ్యేదాకా అతడు ఆగుతాడు. అవతల ఒక మనిషి ఉన్నాడన్న నమ్మకమే అతణ్ణి ఆపుతున్నది. ఆ నమ్మకం ఉన్నంతకాలం ఆకాశం ఎంత ఇరుకైనా అందరికీ చోటు ఉంటుంది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. స్వయంచాలక కేంద్రాల వల్ల ప్రత్యక్ష సంభాషణలకు కలిగే ఇబ్బందులను, వాటికి రచయిత సూచించిన నియమాలను వివరించండి.
2. ‘దానికి నోరు అమర్చే ముందు చెవి అమర్చండి’ అన్న రచయిత మాటను పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. టైటానిక్ దుర్ఘటన రాత్రి ఇద్దరు వైర్‌లెస్ ఉద్యోగుల మధ్య ఏమి జరిగింది?
2. 18 బీకన్లు ఒకే పౌనఃపున్యాన్ని ఎలా పంచుకొంటున్నాయి?
3. రచయిత అష్టావధాన సభను ఏ సందర్భంలో ప్రస్తావించారు?
4. ఆటోస్టార్టర్ ఉదాహరణ ద్వారా రచయిత చెప్పిన నీతి ఏమిటి?